దొరసాని కూర్చున్న గోడ

కుక్కల శాలలో దయ్యం తిరుగుతోందన్న పుకారు రెండు రోజుల్లో బ్యూరో అంతా పాకింది. క్యాంటీన్లో టీ పోసేవాడి దగ్గర్నుంచి పై అంతస్తులో ఫైళ్ళు తిరగేసే పెద్దల దాకా అందరిదీ ఒకటే మాట. కుక్కలకు పాఠం నేర్పే మాస్టారు పోయారు గానీ చోటు వదల్లేదట. ఆయన పెంచిన కుక్క దొరసాని తిండి మానేసి, ఆయన పాత వానకోటు వేలాడుతున్న గోడ ముందు కూర్చుంటోందట. కళ్ళు ఆర్పదు, మొరగదు, తోక కదపదు. ఎదురుగా ఎవరో నిలబడి మాట్లాడుతుంటే వింటున్నట్టు చెవులు నిక్కబొడుచుకుని ఉంటుంది. పగటి కాపలావాడు అది కళ్ళారా చూసి, మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళమంటే ఉద్యోగమైనా మానేస్తానని తెగేసి చెప్పాడు.

జల్లెడకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ మధ్యాహ్నం శిక్షణ గది తలుపు తోసి కాలు లోపల పెట్టగానే ఆమెకు ఒళ్ళు జలదరించింది.

గోడకు కొట్టిన మేకుకి కోటు వేలాడుతోంది. ఏళ్ళ తరబడి ఒకే మనిషి తొడిగిన గుడ్డ కదా, భుజాలూ మోచేతులూ ఇంకా ఆయనవే. దాని ముందు దొరసాని. జల్లెడ అడుగుల చప్పుడుకి తల కూడా తిప్పలేదు. పక్క గదిలో కుక్కలకు స్నానం చేయించే సిమెంటు తొట్టి నిండుగా ఉంది. ఆయన్ని పైకి తీసిన తర్వాత ఆ నీళ్ళు వదిలెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. కొళాయి నుంచి చుక్క పడ్డప్పుడల్లా, మాస్టారు పాఠం మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకున్నట్టే వినిపించి ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆమె మాదకద్రవ్యాల నిరోధక బ్యూరోలో ఇన్‌స్పెక్టర్. ఎదురుగా ఉంటే అందరూ మేడమ్ అంటారు, పక్కకి వెళ్ళగానే జల్లెడ అంటారు. ఏ సంగతి చేతికి దొరికినా రాళ్ళూ గింజలూ వేరయ్యేదాకా వదలదని ఆ పేరు పెట్టింది మాస్టారే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆమెకు పాఠం చెప్పిందీ ఆయనే. రక్తసంబంధం ఏమీ లేదు. అలవాటుకొద్దీ ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్యని పిన్ని అనీ పిలిచేది.

అలాంటి బాబాయ్ ఇప్పుడు దొంగ. కాగితం మీద ఇంకా కాలేదు, సాయంత్రం ఐదింటికి అవుతాడు.

జరిగింది ఇదీ. నేలకు పరిచే పలకలతో ఓడరేవుకు ఒక కంటైనర్ వచ్చింది. దొరసాని దాని చుట్టూ తిరిగింది, ఎక్కడా కూర్చోలేదు. కూర్చోలేదంటే సరుకు లేదని లెక్క. కుక్క చూసి వదిలేసిన కంటైనర్ను మళ్ళీ ఎవరూ తెరవక్కర్లేదని ఐదు దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందం. ముద్ర పడింది, లారీ ఎక్కింది. దారిలో లారీ బోల్తా పడి పలకలు పగిలితే, వాటి మధ్య నుంచి తెల్లపొడి రోడ్డంతా పరుచుకుంది. దేశం మొత్తం నోళ్ళు నొక్కుకుంది. లంచం మింగి మాస్టారే కుక్కను పక్కకు లాగేశాడన్నారు. మూడో రోజు పొద్దున ఆయన తొట్టిలో శవమై తేలాడు. సిగ్గుపడి చచ్చాడన్నారు.

డైరెక్టర్ని బ్యూరోలో అందరూ పెద్దాయన అంటారు. కేసు మూసేసే నివేదిక మీద ఆయన సంతకం పెట్టబోతుంటే జల్లెడ వెళ్ళి ఒక్క పూట గడువు అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సాయంత్రం దాకా చూసుకోమ్మా. నాకూ పాత స్నేహితుడే," అన్నాడు. ఆ మాటకు ఆమెకు కళ్ళు చెమర్చాయి కూడా.

పిన్ని వెనక వంటగదిలో ఉంది. కుక్కల కోసం పెద్ద గిన్నెలో మాంసం ఉడుకుతోంది, ఆవిడ గరిటె తిప్పుతూనే ఉంది. ముఖం పీక్కుపోయింది గానీ చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"రా అమ్మాయ్. నువ్వూ దయ్యాన్ని చూడ్డానికే వచ్చావా?"

"నిన్ను చూడ్డానికొచ్చాను పిన్నీ. ఆ రోజు సాయంత్రం సంగతి ఇంకొక్కసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పమంటావు? విచారణకొచ్చిన ఆ ఇస్త్రీబాబు రాసుకున్నాడుగా. నేను బజారుకి వెళ్తున్నా, గుమ్మం దాటుతుంటే ఆయన లోపల కుక్కతో ఉన్నారు. తిరిగొచ్చేసరికి శాలంతా చీకటి. ఎక్కడో పని మీద వెళ్ళారనుకుని పడుకున్నా." గరిటె ఆగింది. "పక్క గదిలోనే ఉన్నారు. నేను హాయిగా నిద్రపోయానే అమ్మాయ్!"

జల్లెడ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"గుమ్మం దాటేటప్పుడు ఏమైనా విన్నావా?"

"వినడానికేముంది, రోజూ వినే మాటే. శభాష్ దొరసానీ, శభాష్ అని ఎగిరి గంతేసినంత పని చేశారు. రెండు రోజులుగా ముద్ద మింగని మనిషి, ఆ గొంతు వినగానే హమ్మయ్య అనుకున్నా. ఇప్పుడు కళ్ళు మూస్తే అదే గొంతు. పిచ్చెక్కుతుందేమో నాకు."

"ఇస్త్రీబాబుకి ఈ మాట చెప్పావా?"

"కుక్కని మెచ్చుకుంటే అదో సాక్ష్యమా అని చెప్పలేదు."

జల్లెడ పొయ్యి కట్టేసింది. మొదటి వారం పాఠం చెవుల్లో గింగురుమంది. *కుక్కకి సరుకు సంగతి తెలీదమ్మా. దానికి కావాల్సింది తువ్వాలు. వాసన దొరికిన చోట కదలకుండా కూర్చుంటే నేను శభాష్ అని తువ్వాలు విసురుతాను. ఆ ఆట కోసమే దాని వెతుకులాటంతా. ఊరికే శభాష్ అంటే పాఠం చెడిపోతుంది, అందుకని ఊరికే అనకూడదు.*

"బాబాయ్ ఊరికే శభాష్ అనడు పిన్నీ. ఆ సాయంత్రం దొరసానికి ఏదో దొరికింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది."

"ఎక్కడ?"

"మూడు రోజులుగా అది చూపిస్తూనే ఉంది. మనమే ఏడుస్తోందనుకున్నాం."

ఇద్దరూ శిక్షణ గదిలోకి వచ్చారు. ఆ గోడ మామూలు గోడ కాదు. చెక్కపలకలతో కట్టి, వరసగా పిడికిలి పట్టేంత కన్నాలు చేసి ఉంటుంది. ఒక్క కన్నంలోనే వాసన డబ్బా పెడతారు, కుక్క దాన్ని కనిపెట్టాలి. చివరి కన్నం చుట్టూ చెక్క పెచ్చులూడిపోతే ఎప్పుడో గుడ్డలు కుక్కి వదిలేశారు. దాని మీదే కోటు తగిలించేవాడు మాస్టారు.

జల్లెడ కోటుని పక్కకి తప్పించింది. చేతికి తగిలిన గుడ్డ చల్లగా ఉంది. ఆయన్ని పక్కకి జరగమన్నట్టే అనిపించి, "క్షమించు బాబాయ్," అని పైకే అనేసింది. కన్నంలో కుక్కిన గుడ్డలు లాగితే వాటి వెనక చిన్న రేకు డబ్బా ఉంది. మూత నిండా సూది బెజ్జాలు, పక్కన ఐదు దేశాల ఉమ్మడి కార్యాలయం ముద్ర. కుక్కలకు వాసన నేర్పడానికి నెలనెలా వచ్చే డబ్బా అది. కొత్తది రాగానే పాతది వెనక్కి పంపెయ్యాలి. ఈయన పంపకుండా ఒకటి దాచుకున్నాడు.

దొరసాని మొదటిసారి తల తిప్పి జల్లెడ చేతుల వైపు చూసింది. ఆ చూపులో దుఃఖం లేదు. పని పూర్తి చేశాను, నాకు రావాల్సింది ఏదీ అని అడుగుతోంది.

"తువ్వాలు కావాలి పిన్నీ. బాబాయ్‌ది ఏమైంది?"

పిన్ని లోపలికెళ్ళింది. వచ్చేటప్పుడు చుట్టగా చుట్టి తాడు కట్టిన పాత తువ్వాలు గుండెకి అదుముకుని తెచ్చింది. "తలగడ కింద పెట్టుకున్నా. ఆయన చేతి వాసన ఈ ఒక్కదాన్లోనే మిగిలింది." ఇవ్వబోయి, ఇంకోసారి ముఖానికి హత్తుకుని, ఇచ్చింది.

జల్లెడ శభాష్ అంటూ విసిరింది. దొరసాని గాల్లోకి లేచి అందుకుని, గది నాలుగు మూలలూ పరుగెత్తి, తువ్వాలు విదిలించి, గుర్రుమని, వచ్చి పిన్ని కాళ్ళ మీద దొర్లింది. పిన్ని ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు.

"ఏమిటీ సంబరం?"

గుమ్మంలో ఇస్త్రీబాబు. ఐదు దేశాల ఉమ్మడి పథకానికి ఇక్కడి సమన్వయ అధికారి. వడగాడ్పు వీచినా వాన కురిసినా అతని చొక్కా మడత నలగదు. లారీ బోల్తా కొట్టిన రోజున కూడా చేతిరుమాలు పరుచుకుని దాని మీద మోకాలు ఆనించి పొడి నమూనా తీశాడని బ్యూరోలో చెప్పుకుని నవ్వుకుంటారు.

"మేడమ్, ఈ కేసులో మీరు ఉండనే కూడదు. బాబాయ్ అని పిలిచిన నోటితో ఆయన మీద దర్యాప్తు ఎలా చేస్తారు?"

"దొంగని తేలితే అదే నోటితో దొంగ అంటాను. మీకా బెంగ వద్దు."

"తేలిపోయింది. కుక్క కంటైనర్ చుట్టూ తిరిగిన వీడియో ఉంది."

"నేనూ చూశాను. తాడు ఆసాంతం వదులుగానే ఉంది. బాబాయ్ ఎక్కడా లాగలేదు. అదే ముందు నడిచింది, ఆయన వెనకాల వెళ్ళాడు. మీరు ఎన్నిసార్లు చూశారు?"

అతను చూసింది ఒక్కసారేనని ముఖమే చెప్పింది.

"అయితే కుక్కకే ముసలితనం వచ్చి ముక్కు పోయిందంటారు."

"ముక్కుకేం, నిక్షేపంగా ఉంది. పోయింది పాఠం. రండి, మీ చేత్తోనే చేసి చూడండి."

కోర్టుకి వెళ్ళాల్సిన సాక్ష్యాల్లోంచి ఆ కంటైనర్ తాలూకు పొట్లం ఒకటి ఆమె అప్పటికప్పుడు వెళ్ళి సంతకం చేసి తెచ్చింది. ఉత్త బెజ్జాల డబ్బాలో దాన్ని పెట్టింది. అసలు సరుకు ఒక డబ్బా, గోడలో దొరికింది ఇంకొకటి. ఏది ఏ కన్నంలో పెట్టాలో ఇస్త్రీబాబు ఇష్టం. ఆమె, పిన్ని, దొరసాని బయటికి వెళ్ళి నిలబడ్డారు. అతను గొణుక్కుంటూనే పెట్టి పిలిచాడు.

దొరసాని మూతి గోడకి ఆనించి బయల్దేరింది. ఒక కన్నం, ఇంకో కన్నం. ఒక చోట క్షణం ఆగినట్టే ఆగి ముందుకెళ్ళిపోయింది. చివరికి గోడ మధ్యలో ఒక కన్నం దగ్గర చతికిలబడి కూర్చుంది.

"ఏ డబ్బా అది?" అంది జల్లెడ.

ఇస్త్రీబాబు పెదవి తడుపుకున్నాడు. "మీ గోడలోది."

"అసలు సరుకు?"

"దాటేసి వచ్చింది."

"మార్చి పెట్టండి."

మార్చాడు. మళ్ళీ అదే. మూడోసారి అతనే ఎవరూ అడగకుండా మార్చాడు. దొరసాని అసలు సరుకుని పాత చెప్పుని చూసినట్టు కూడా చూడకుండా దాటి, ముద్ర వేసిన డబ్బా దగ్గర రాజఠీవితో కూర్చుంది. పిన్ని తువ్వాలు విసిరి శభాష్ అంది.

"నెలకో డబ్బా," అంది జల్లెడ. "మొదట్లో అన్నీ నిఖార్సైనవే. తర్వాత ప్రతి నెలా అసలు కాస్త తగ్గించి, పక్కన ఇంకేదో వాసన కాస్త పెంచుతూ పోయారు. కుక్కకి తేడా తెలీదు, నేర్పే మనిషికీ తెలీదు. చివరికి డబ్బాలో అసలు లేనే లేదు. ఇది వెతుకుతోంది ఎవడో కనిపెట్టిన దిక్కుమాలిన పొడిని. లారీ బోల్తా పడ్డాక బాబాయ్‌కి అనుమానం వచ్చింది. దీని ముక్కు బాగుందో లేదో పరీక్షించాడు. డబ్బాని కోటు వెనక దాచి, అక్కడ కూడా కనిపెడుతుందా అని చూశాడు. కనిపెట్టింది. అంటే మోసం డబ్బాల్లోనే ఉంది. అందుకే ఆ శభాష్! తప్పు తనది కాదని, దొరసానిది కూడా కాదని తెలిసిన మనిషి తొట్టిలో ఎందుకు దూకుతాడండీ?"

పిన్ని గోడకి చేరగిలబడి నేల మీద కూలబడింది. "ఆయన లంచం తినలేదు కదమ్మా? ఎవరి దగ్గరా ఏమీ తినలేదు కదా?"

"తినలేదు పిన్నీ."

ఆ మాటకు ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని కుమిలిపోయింది. మూడు రోజులుగా ఆవిడ బిగబట్టుకున్న భయం భర్త పోయినందుకు మాత్రమే కాదని జల్లెడకు అప్పుడర్థమైంది. నిజంగానే చేశాడేమోనన్న అనుమానం ఆవిడని లోలోపల తినేస్తోంది.

ఇస్త్రీబాబు డబ్బా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఐదు దేశాల కుక్కలకూ ఒకే చోట తయారైన ఒకే వాసన నేర్పాలన్నది ఉమ్మడి పథకంలో మొదటి మెట్టు. దాని గురించి అతను సభల్లో గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చాడు.

"ఈ ఒక్క డబ్బా పాడై ఉంటుంది. ఒకదాన్ని పట్టుకుని మొత్తం పథకాన్ని బదనాం చేస్తారా?"

"చెయ్యను. మీ అవతలివాళ్ళకి ఫోన్ చేసి ఇదే పరీక్ష చెయ్యమనండి. వాళ్ళ కుక్క అసలు సరుకు దగ్గర కూర్చుంటే నేనే మీ నివేదిక కింద సంతకం పెడతాను."

"పందెమా?"

"పందెమే."

మూలబల్ల మీద ఉమ్మడి లైను ఫోన్ ఉంది. ఐదు దేశాల కేంద్రాలకే తప్ప బయటివాళ్ళకి చీమ చిటుక్కుమన్నా వినపడని లైను అది, దాన్ని పెట్టించినందుకు అతనికి కాస్త గర్వం కూడా ఉంది. స్పీకర్ నొక్కి, పొరుగు దేశం కేంద్రానికీ, సముద్రం అవతలి కేంద్రానికీ విషయం చెప్పాడు. లైను పెట్టెయ్యకుండా ఉంచమన్నారు వాళ్ళు. ఎదురు చూస్తున్నంతసేపూ పక్క గదిలో చుక్క తర్వాత చుక్క పడుతూనే ఉంది. జల్లెడ ఈసారి తిరిగి చూడలేదు.

ముందు పొరుగు దేశం అధికారి లైన్లోకి వచ్చాడు. మనిషి ఆయాసపడుతున్నాడు. "మా రెండు కుక్కలూ అసలు సరుకుని దాటేశాయి. ఉమ్మడి కార్యాలయం పంపిన డబ్బా దగ్గర కూర్చున్నాయి. ఏమిటండీ ఇది? ఇన్ని నెలలుగా మా రేవులో ఎన్ని వదిలేశామో నాకే తెలీదు."

ఇస్త్రీబాబు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. చొక్కా మడత నలిగింది, అతను గమనించలేదు.

కాసేపటికి సముద్రం అవతలి నుంచి ఒక స్త్రీ గొంతు వినిపించింది. "మాదీ అంతే." తర్వాత తడబడింది. "మీరు అడుగుతుంటే నాకు భయంగా ఉంది. ఇదే పరీక్ష చెయ్యమని మీ మాస్టారు మూడు రోజుల కిందట ఇదే లైన్లో మా శిక్షకుడికి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. ఆ రాత్రే మావాడు మెట్ల మీంచి జారిపడి చనిపోయాడు. మీ మాస్టారు ఏమంటున్నారు? ఆయన్ని పిలవండి."

జల్లెడ ఫోన్ దగ్గరికి వంగి, "ఆయన కూడా అదే రోజు పోయారు," అంది. అవతల ఆవిడ ఏదో ప్రార్థన లాంటిది గొణుక్కుని, జాగ్రత్త అని చెప్పి పెట్టేసింది. పొరుగు దేశం ఆయన అంతకు ముందే పెట్టేశాడు.

ఇస్త్రీబాబు స్పీకర్ ఆపడానికి చెయ్యి చాపాడు. జల్లెడ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

ఇద్దరూ పెట్టేశారు. లైను ఇంకా తెగలేదు. అందులోంచి ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది, తీరికగా, నిదానంగా. మొదటి నుంచీ వింటున్న మూడో మనిషి.

"చాలా చక్కగా చేశారు ఇద్దరూ," అంది ఫోన్. పెద్దాయన గొంతు. పొద్దున గడువు ఇచ్చినప్పుడు ఎంత మెత్తగా ఉందో ఇప్పుడూ అంతే మెత్తగా ఉంది. "కీచులాడుకునే మీరిద్దరూ ఇలా కలిసి పనిచేస్తారని నేను అనుకోలేదు. బాబూ, ఈ సంగతి బ్యూరోలో ఇంకెవరికైనా చెప్పారా?"

జల్లెడ తల అడ్డంగా ఊపింది. నోటి మీద వేలు పెట్టుకుంది. అతను ఆమె వైపు చూడనే లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ గొంతు ఏది అడిగినా లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పడం అతనికి అలవాటు. ఇప్పుడూ కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడ్డాడు.

"లేదు సార్. మేం ముగ్గురమే. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

ఆ మాట నోరు దాటాక గానీ తానేం చెప్పాడో అతనికి తలకెక్కలేదు.

"మంచిది," అని పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.

జల్లెడ డబ్బా జేబులో వేసుకుని దొరసాని తాడు అందుకుంది.

"పిన్నీ," అంది, "చెప్పులేసుకో."